ఆకాశం నుంచి చూసే యుద్ధం

యుద్ధం అనగానే మన సినిమా కెమెరా ఆకాశంలోకి ఎగిరిపోతుంది. కింద రెండు సేనలు, మధ్యలో ఖాళీ మైదానం. ఒకరు వ్యూహం పన్నితే ఇంకొకరు దాన్ని ఛేదిస్తారు. చరిత్ర పుస్తకాలూ తక్కువేం తినలేదు. పటం మీద ఎర్ర బాణాలు, నీలి బాణాలు గీసి, ఫలానా సేనాని కుడివైపు నుంచి చుట్టుముట్టాడు కాబట్టి గెలిచాడని తేల్చేస్తాయి. ఇలా చెప్పడం సులువు, వినడానికీ బాగుంటుంది. కానీ ప్రాచీన యుద్ధాన్ని అంత ఎత్తు నుంచి చూసే వీలు దాదాపు ఎవరికీ లేదు. బరిలో ఉన్నవాళ్లకు కనిపించింది ముందువాడి వీపు, పక్కవాడి డాలు, మొహాన కొట్టే దుమ్ము. అందుకే ఆ కాలపు కథనాల్లో గందరగోళాన్ని గందరగోళంగానే ఒప్పుకున్నవాటిని ఎక్కువ నమ్మాలంటాను.

క్రీ.పూ. 413 వేసవిలో సిసిలీలోని సిరక్యూస్‌ను ముట్టడిస్తున్న ఏథెన్స్ సేన సంగతే చూడండి. నగరం చుట్టూ గోడ కట్టి దిగ్బంధించాలన్నది వాళ్ల ఆలోచన. దానికి అడ్డంగా సిరక్యూస్ వాళ్లు ఇంకో గోడ కట్టేశారు. 73 ఓడల్లో సుమారు 5,000 మంది పదాతులతో కొత్తగా దిగిన ఏథెన్స్ సేనాని డెమోస్తనీస్, ఆ అడ్డుగోడ దక్కాలంటే నగరం పైనున్న ఎపిపొలే పీఠభూమి ఎక్కాల్సిందేనని లెక్కవేశాడు. పగలు కనబడకుండా ఎక్కడం కుదరదు, కాబట్టి రాత్రి ఎక్కారు. ఐదు రోజుల తిండి కట్టుకుని, తాపీవాళ్లను, వడ్రంగులను కూడా వెంట తీసుకెళ్లారు. పథకానికి వంక పెట్టడానికి లేదు. మొదట్లో ఒక కోట చేజిక్కింది కూడా. ఆ ఊపులో వరసలు చెదిరిపోయాయి. సిరక్యూస్ పక్షాన ఉన్న బియోషియా సైనికులు ఎదురునిలిచి తరమడంతో అంతా తారుమారైంది. వెన్నెల బాగానే ఉంది. ఎదుట మనిషి ఉన్నాడని తెలుస్తోంది గానీ మనవాడో పరాయివాడో తెలియడం లేదు. వెనకవాళ్లు ఇంకా కొండెక్కుతుండగానే ముందువాళ్లు పారిపోయి వస్తున్నారు. ఎదురొచ్చిన ప్రతివాడూ శత్రువే అనుకున్నారు. గుర్తుమాట ఏమిటని అడిగి అడిగి, దాన్ని శత్రువు చెవిన కూడా వేశారు. అన్నిటికన్నా దెబ్బతీసింది యుద్ధగీతం. ఏథెన్స్ పక్షాన వచ్చిన ఆర్గోస్, కోర్సైరా వాళ్లు డోరియన్లు. సిరక్యూస్ వాళ్లూ డోరియన్లే. ఇద్దరి పాటా ఇంచుమించు ఒకటే. ధైర్యం కోసం మిత్రులు ఎత్తుకున్న పాటకు సొంత సైన్యమే హడలిపోయింది. చివరికి ఒకే ఊరివాళ్లు ఒకరితో ఒకరు కలబడితే విడదీయడం కష్టమైంది. దిగే దారి ఇరుకు కావడంతో చాలామంది డాళ్లు పారేసి కొండ అంచు నుంచి దూకారు. కిందికి చేరినవాళ్లలో పాతకాపులు దారి తెలిసి శిబిరం చేరుకున్నారు. కొత్తవాళ్లు దారి తప్పి, తెల్లవారాక గుర్రపు దండుకు దొరికిపోయారు.

ఇదంతా రాసిన చరిత్రకారుడు థుసిడిడీస్ ఆ రాత్రి అక్కడ లేడు కదా అనవచ్చు. లేడు. అంతకు పదేళ్ల ముందే ఏథెన్స్ అతన్ని వెలివేసింది. కానీ ఆ వెలివేతే రెండు పక్షాల వాళ్లతోనూ మాట్లాడే వీలు కల్పించిందని అతనే చెప్పుకున్నాడు. ఒకే సంఘటనను చూసినవాళ్లు తలో రకంగా చెబుతారని పుస్తకం మొదట్లోనే హెచ్చరించాడు. ఎపిపొలే దగ్గరికి వచ్చేసరికి, పట్టపగటి పోరులోనే మనిషికి తన చుట్టుపక్కల జరిగింది తప్ప తెలియదని, ఇక రాత్రి సంగతి ఎవరు చెప్పగలరని చేతులెత్తేశాడు. ఆ చేతులెత్తేయడమే అతని మీద నమ్మకం పెంచుతుంది. నిజానికి ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. ద్రోణపర్వంలోని రాత్రి యుద్ధంలో మనవాడెవడో పైవాడెవడో తెలియక పేర్లు చెప్పుకుంటూ కొట్టుకున్నారు, దివిటీలు వెలిగించాల్సి వచ్చింది. మనం పద్మవ్యూహాన్ని గుర్తుపెట్టుకుని దివిటీలను మరిచిపోయాం.

చీకటి కాబట్టి అలా జరిగింది, రోమన్లలాంటి శిక్షణ ఉంటే పగటిపూట సేనాని మాట సాగుతుంది అనేది గట్టి అభ్యంతరమే. క్రీ.పూ. 216లో కానే దగ్గర రోమన్ల మీద కార్తేజ్ సేనాని హానిబాల్ పథకం అనుకున్నట్టే సాగింది, ఒప్పుకోవాలి. రెండు వేల ఏళ్లుగా దాన్నే ఉదాహరణగా చెబుతున్నారంటే, అలా జరగడం అరుదనే కదా! ఇక రోమన్ల సంగతి. క్రీ.పూ. 197లో థెస్సలీలోని కైనోసెఫలే గుట్టల మీద రోమన్ సేనాని ఫ్లామినినస్ దళాలు, మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్ దళాలు పొగమంచులో ఒకదానికొకటి తగిలాయి. ఆ రోజు, ఆ చోట పోరాడాలని ఇద్దరూ అనుకోలేదు. రోమన్లకు కుడిపక్క గెలుపు, ఎడమపక్క ఓటమి. అప్పుడు ఒక అధికారి తనకు తోచి, ఇరవై దళాలను మళ్లించి శత్రువు వెనక నుంచి విరుచుకుపడ్డాడు. పొడవాటి బల్లేల వరస వెనక్కి తిరగలేక కుప్పకూలింది. ఆ అధికారి పేరు కూడా చరిత్రకారుడు పోలిబియస్ రాయలేదు, కీర్తంతా ఫ్లామినినస్‌కు పోయింది. లొంగిపోతున్నామని మాసిడోనియన్లు బల్లేలు నిలువుగా ఎత్తి పట్టుకున్నారు. రోమన్లకు ఆ సైగ అర్థం కాలేదు. సేనాని తెలుసుకుని వదిలేద్దామనుకునే లోగా చాలామందిని నరికేశారు.

అంతా గందరగోళమేనంటే చరిత్ర ఎలా రాస్తాం, కారణాలు వెతకొద్దా అని ఇంకో ప్రశ్న. వెతకాలి. దారి వెడల్పు, వెన్నెల, పాట, కొత్తవాళ్లకు తెలియని నేల, ఇవన్నీ కారణాలే. వీటిని పక్కనపెట్టి సేనాని తెలివికో ద్రోహానికో ముడిపెట్టడంతోనే పేచీ. దూరాన కూర్చుని అలా తీర్పు చెప్పే అలవాటు ఆ రోజుల్లోనే ప్రాణాలు తీసింది. ఎపిపొలే ఓటమి తర్వాత వెంటనే వెళ్లిపోదామన్నాడు డెమోస్తనీస్. సహ సేనాని నికియాస్ ఒప్పుకోలేదు. ఏథెన్స్ సభలో ఓటు వేసేవాళ్లు ఇక్కడి సంగతి కళ్లారా చూడలేదు, వక్తల మాటే వింటారు. ఇవాళ మొరపెట్టుకుంటున్న సైనికులే రేపు ఊరు చేరి సేనానులు లంచం తిన్నారంటారు. ఇదీ అతని భయం. ఉత్తి భయమేం కాదు. క్రీ.పూ. 424లో సిసిలీ నుంచి తిరిగొచ్చిన సేనానుల్లో ఇద్దరిని ఏథెన్స్ ఇదే ఆరోపణ మీద వెలివేసింది, మూడో ఆయన యూరిమెడాన్‌కు జరిమానా వేసింది. ఆ యూరిమెడాన్ ఈసారీ డెమోస్తనీస్‌తో పాటు వచ్చి ఉన్నాడు. తర్జనభర్జనల్లో రోజులు గడిచాయి. తీరా బయల్దేరే వేళ చంద్రగ్రహణం పట్టింది, మళ్లీ ఆగారు. నౌకాదళం పోయింది, నేల మీద పారిపోతూ సేన చిక్కిపోయింది. కనీసం 7,000 మంది బందీలయ్యారు. నికియాస్‌నూ డెమోస్తనీస్‌నూ చంపేశారు. కబురు చేరినప్పుడు ఏథెన్స్ జనం మొదట నమ్మలేదు. నమ్మాక, దండయాత్రకు ఉసిగొల్పిన వక్తల మీద మండిపడ్డారు, దానికి ఓటు వేసింది తాము కానట్టు.