సహజ వాయువుపై పన్నులు: చెల్లించేది సంస్థ, భరించేది వినియోగదారుడు

ఇళ్లకు, పరిశ్రమలకు పైపుల ద్వారా గ్యాస్‌ను, వాహనాలకు సీఎన్‌జీని సరఫరా చేసే నగర గ్యాస్ పంపిణీ సంస్థలు ఆదాయపు పన్నుతో పాటు కొనుగోలు, రవాణా, అమ్మకం దశల్లో పలు పన్నులు చెల్లిస్తున్నాయి. ఆదాయపు పన్ను లాభం వచ్చినప్పుడే వర్తిస్తుంది. మిగిలిన పన్నులు లాభనష్టాలతో నిమిత్తం లేకుండా అమ్మిన గ్యాస్‌పై పడి, చివరకు వినియోగదారుని బిల్లులో చేరుతాయి.

జీఎస్టీకి వెలుపల

2017 జూలై 1న వస్తు సేవల పన్ను (జీఎస్టీ) అమలులోకి వచ్చినప్పుడు ముడి చమురు, పెట్రోలు, డీజిలు, విమాన ఇంధనాలతో పాటు సహజ వాయువును కూడా దాని పరిధికి వెలుపల ఉంచారు. జీఎస్టీ మండలి సిఫారసుపై కేంద్రం ప్రకటించే తేదీ నుంచి మాత్రమే వీటిపై ఆ పన్ను విధించాలని చట్టంలోని 9(2) సెక్షను నిర్దేశిస్తోంది. అందువల్ల గ్యాస్ అమ్మకాలపై రాష్ట్రాల విలువ ఆధారిత పన్ను (వ్యాట్) కొనసాగుతోంది. సీఎన్‌జీపై దీనికి అదనంగా 14 శాతం కేంద్ర ఎక్సైజ్ సుంకం ఉంది.

ఉదాహరణకు, 100 రూపాయల విలువగల సీఎన్‌జీపై ఎక్సైజ్ సుంకం కలిపితే ధర 114 రూపాయలవుతుంది. ఈ మొత్తంపై 14.5 శాతం వ్యాట్ విధిస్తే 130.53 రూపాయలకు, 24.5 శాతం విధిస్తే 141.93 రూపాయలకు చేరుతుంది. అంటే సుంకంపై కూడా పన్ను పడుతుంది.

తిరిగి రాని పన్ను

పైపులు, కంప్రెసర్లు, మీటర్లు, గుత్తేదారుల పనులు, పైప్‌లైన్ రవాణాలపై సంస్థలు జీఎస్టీ చెల్లిస్తాయి. అమ్మే గ్యాస్ జీఎస్టీ పరిధిలో లేనందున ఆ మొత్తాన్ని ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌గా తిరిగి పొందే వీలు లేదు. అది పెట్టుబడి వ్యయంలో కలిసిపోతుంది. కొనుగోలుదారైన పరిశ్రమకూ ఇదే ఇబ్బంది. వాణిజ్య ఎల్‌పీజీపై చెల్లించిన 18 శాతం జీఎస్టీని తన ఉత్పత్తులపై పన్నుతో సర్దుబాటు చేసుకోగల పరిశ్రమ, సహజ వాయువుపై చెల్లించిన వ్యాట్‌ను జీఎస్టీతో సర్దుబాటు చేసుకోలేదు. పర్యావరణ దృష్ట్యా మేలైన ఇంధనానికి మారదలచిన యూనిట్లను ఈ వ్యత్యాసమే వెనుకకు లాగుతోంది.

రాష్ట్రాల నిర్ణయాలు

కోవిడ్ కాలంలో ఆదాయం తగ్గిన నేపథ్యంలో 2020లో ఆంధ్రప్రదేశ్ సహజ వాయువుపై వ్యాట్‌ను 14.5 శాతం నుంచి 24.5 శాతానికి పెంచింది. ఇందుకు భిన్నంగా మహారాష్ట్ర 2022 ఏప్రిల్ 1 నుంచి 13.5 శాతాన్ని 3 శాతానికి, అదే ఏడాది అక్టోబరులో గుజరాత్ 15 శాతాన్ని 5 శాతానికి తగ్గించాయి. కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ ఒడ్డుకు చేరే తీరం, దానిపై ఆధారపడగల పరిశ్రమలు ఉన్న రాష్ట్రానికి ఈ పోలిక ప్రాధాన్యం గలది.

పెట్రోలియం, సహజ వాయువు నియంత్రణ మండలి 2006 నాటి చట్టం కింద పంపిణీ ప్రాంతాలకు అనుమతులిస్తుంది, పైప్‌లైన్ రుసుములు నిర్ణయిస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి జాతీయ గ్రిడ్‌లో ఏకీకృత రవాణా రుసుము విధానం అమలులోకి వచ్చింది. అయితే పన్ను రేట్లు మండలి అధికార పరిధిలోనివి కావు. రవాణా రుసుములలో సాధించిన సమానత్వం పన్నుల వద్దకు వచ్చేసరికి నిలిచిపోతోంది.

ముందున్న మార్గం

2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం పెట్రోలియం ఉత్పత్తులను జీఎస్టీలో చేర్చేందుకు అది తగిన సమయం కాదని అభిప్రాయపడింది. రాష్ట్రాలకు ఐదేళ్ల జీఎస్టీ పరిహార కాలం 2022 జూన్‌తో ముగిసినందున, వ్యాట్ ఆదాయాన్ని వదులుకోవడానికి అవి వెనుకాడడం సహజమే. కాగా, పెట్రోలు, డీజిళ్లతో ముడిపెట్టకుండా సహజ వాయువు అంశాన్ని మాత్రమే విడిగా పరిశీలించే అవకాశం ఉంది.

ఏ మార్గం ఎంచుకున్నా, తగ్గిన పన్ను ధరలో ప్రతిఫలించినప్పుడే ప్రయోజనం నెరవేరుతుంది. గ్యాస్ ధర, రవాణా, పన్నులను బిల్లులో వేర్వేరుగా చూపడం ఇందుకు తొలి మెట్టు కాగలదు.