ర్యాంకు పిల్లలది, ప్రచారం మాత్రం సంస్థలదా?

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చీఫ్ కమిషనర్ గారికి,



జేఈఈ, నీట్ ఫలితాలు వచ్చిన మర్నాడు తెలుగు దినపత్రిక తెరిస్తే వార్తల కంటే ముందు పిల్లల ముఖాలే కనిపిస్తాయి. పేజీ నిండా పాస్‌పోర్టు సైజు ఫొటోలు, కింద హాల్ టికెట్ నంబర్లు, పెద్ద అంకెల్లో ర్యాంకులు. పేజీ తిప్పితే మరో కోచింగ్ సంస్థ ప్రకటనలోనూ అదే పిల్లాడు నవ్వుతుంటాడు. రెండేళ్లు చదివించింది మేమేనని ఒకరు, టెస్ట్ సిరీస్ మాదని ఇంకొకరు, ఏ సంబంధమూ చెప్పకుండా ఫొటో వేసేసేవారు మరొకరు. వారం తిరిగేసరికి ఆ ముఖాలు ఫ్లెక్సీలెక్కుతాయి. ఆ సంస్థల పీఆర్వోలు అవే ఫొటోలున్న కరపత్రాలు పట్టుకుని పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు వస్తారు.

ఈ ప్రకటనలు నమ్మి మోసపోయే తల్లిదండ్రుల గురించి చాలామంది రాశారు. నేను రాస్తున్నది ఆ ఫొటోలో ఉన్న పిల్లల గురించి. అడగకుండా వాళ్ల పేరు వాడుకుని వ్యాపారం చేసుకున్న సంస్థ వాళ్లకు ఏం బాకీపడింది? ఆ బాకీ వసూలయ్యే దారి ఏది?

హక్కు ఉందన్నది కొత్త మాట కాదు. ఆర్. రాజగోపాల్ కేసులో 1994లోనే సుప్రీంకోర్టు, ఒక మనిషి పేరునో రూపాన్నో అనుమతి లేకుండా ప్రకటనలకు వాడుకుంటే అది వారి గోప్యతకు భంగమేనని చెప్పింది. ఈ హక్కు ప్రముఖులకే అనలేదు. కానీ ఆచరణలో దాన్ని గెలుచుకుంటున్నది ఎక్కువగా ప్రముఖులే. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు కాంస్యం గెలిచినప్పుడు, అభినందనల పేరుతో ఆమె ఫొటో పక్కన తమ గుర్తులు పెట్టుకున్న కంపెనీలకు ఆమె తరఫు ఏజెన్సీ లీగల్ నోటీసులిచ్చింది. 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టులో, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో తమ పేరు, రూపం దుర్వినియోగం కాకుండా మధ్యంతర ఉత్తర్వులు పొందారు. వాళ్లకు ఆ రక్షణ దక్కడం న్యాయమే. మరి పాలకొల్లు పిల్లకో, మిర్యాలగూడ పిల్లాడికో ఏజెన్సీ ఎక్కడుంది?

వాళ్ల ముందున్న దారులు చూడండి. సివిల్ కోర్టులో ఇంజంక్షన్ కోరవచ్చు. కానీ పేరును సొమ్ము చేసుకున్నారంటూ వేసే పాసింగ్ ఆఫ్ దావాలో ఆ పేరుకు మార్కెట్లో విలువ ఉందని నిరూపించుకోవాలి. ర్యాంకరు పేరుకు ఆ విలువ ఉండేది కొన్ని వారాలే, సరిగ్గా అడ్మిషన్లు జరిగే వారాలే. నోటీసు వెళ్లి, వకాలతు పడి, వాయిదా వచ్చేసరికి సీట్లు నిండిపోతాయి. పరువునష్టం దావా వేయాలంటే ఏడాదే గడువు. పైగా మెచ్చుకుంటూ వేసిన ఫొటోలో పరువు ఎక్కడ పోయిందని అవతలి వకీలు అడుగుతాడు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటుంది. ఆ సొమ్ము చేరేది ప్రభుత్వ ఖజానాకే. నష్టపోయిన మనిషికి పరిహారం ఇప్పించే ఏర్పాటు అందులో లేదు.

జిల్లా వినియోగదారుల కమిషన్ పరిహారం ఇప్పించగలదు, తప్పును సరిదిద్దే ప్రకటన వేయించగలదు. చెల్లించిన ఫీజు 5 లక్షల లోపైతే కేసు వేయడానికి రుసుమూ లేదు. కానీ ఆ తలుపు తట్టాలంటే వినియోగదారుడై ఉండాలి. ఆ సంస్థలో చేరనే చేరని పిల్లవాడు వినియోగదారుడు ఎలా అవుతాడు? ఏ సంబంధమూ లేకుండా పేరు వాడుకుంటే జరిగిన అన్యాయం పెద్దది, తెరుచుకునే తలుపు చిన్నది.

అందుకే మీకు రాస్తున్నాను. కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2024 నవంబరు 13న మీరు విడుదల చేసిన మార్గదర్శకాలు ఈ విషయంలో దేశానికి దొరికిన మంచి ఆయుధం. విజయం సాధించినవారి రాతపూర్వక సమ్మతి లేకుండా పేరు, ఫొటో వాడకూడదన్నారు. ఆ సమ్మతి కూడా ఫలితం వచ్చాకే తీసుకోవాలన్నారు. అడ్మిషన్ ఫారం చివర్లో, చిన్న అక్షరాల్లో తల్లిదండ్రుల చేత ముందే సంతకం పెట్టించుకునే పద్ధతికి అది గట్టి దెబ్బ. అభ్యర్థి ఏ కోర్సు తీసుకున్నాడో ఫొటోతోపాటే చెప్పాలన్నారు. సివిల్స్‌కు సొంతంగా ప్రిలిమ్స్, మెయిన్స్ దాటి, ఇంటర్వ్యూ శిక్షణ మాత్రమే తీసుకున్నవారిని కూడా తమ విజేతలుగా చూపుకున్న సంస్థలను మీరు పట్టుకున్నారు. మార్గదర్శకాలు వచ్చేనాటికి 45 నోటీసులిచ్చి, 18 సంస్థలకు 54 లక్షల 60 వేల రూపాయల జరిమానా వేశారు.

అయినా ఆ జరిమానాలు వేసింది కొనుగోలుదారును కాపాడటానికి. పేరు పోగొట్టుకున్న పిల్లలకు అందులో రూపాయి లేదు. పోయింది పేరొక్కటే కూడా కాదు. సర్కారు జూనియర్ కాలేజీలో చదువుకున్న పిల్ల ఫొటో కార్పొరేట్ ప్రకటనలో పడిందంటే, ఆమెకు పాఠం చెప్పిన మాస్టార్ల శ్రమ కూడా ఆ పేజీలోంచి చెరిగిపోయినట్టే. ఒకరి చేలో పండిన ధాన్యాన్ని మరొకరు తమ గుర్తున్న బస్తాల్లో పోసి అమ్ముకోవడం లాంటిదిది.

అందుకే మిమ్మల్ని కోరేవి ఇవి.

ఒకటి: మా తెలుగు రాష్ట్రాల్లో కోచింగ్ ఎక్కువగా జరిగేది ఇంటర్ కాలేజీల్లోనే. కాలేజీ పేరుతో కోచింగ్ నడిపే సంస్థలకూ మీ మార్గదర్శకాలు వర్తిస్తాయని ఏ సందేహానికీ తావులేకుండా ప్రకటించండి.

రెండు: ఫొటోలో ఉన్న వ్యక్తే ఫిర్యాదు చేస్తే, సమ్మతి పత్రం చూపమని సంస్థను వెంటనే అడగండి. చూపలేకపోతే ప్రకటనను అడ్మిషన్లు ముగిసేలోపే ఆపించండి.

మూడు: తప్పు ప్రకటన ఏ పేజీలో, ఎంత సైజులో వచ్చిందో, సవరణ కూడా అదే పేజీలో, అంతే సైజులో వేయించండి.

నాలుగు: 2019 వినియోగదారుల రక్షణ చట్టం 16, 17 సెక్షన్ల ప్రకారం ఇలాంటి ఫిర్యాదులు తీసుకుని విచారించే అధికారం జిల్లా కలెక్టరుకు ఉంది. ఢిల్లీ దాకా రాలేనివారికి అదే దగ్గరి దారి. ఫలితాల సీజన్‌కు ముందే కలెక్టర్లకు స్పష్టమైన సూచనలు పంపండి, కలెక్టరేట్లలో తెలుగులో బోర్డులు పెట్టించండి.

అయిదు: జరిమానాతోపాటు పేరు కోల్పోయిన వ్యక్తికి పరిహారం ఇప్పించే అధికారం మీకు ఉండేలా చట్టాన్ని సవరించమని కేంద్రానికి సిఫారసు చేయండి. తొలి తప్పుకు 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఇప్పటికే మీకుంది. చిన్న మొత్తాలతో సరిపెడితే సంస్థలు దాన్ని ప్రకటన ఖర్చులో కలిపేసుకుంటాయి.

తల్లిదండ్రులకూ ఒక మాట. మీ పిల్లల ఫొటో అనుమతి లేకుండా ఎక్కడ కనిపించినా ఆ పత్రికను దాచండి, ఫ్లెక్సీని తేదీ, చోటు తెలిసేలా ఫొటో తీయండి, అడ్మిషన్ ఫారం నకలు అడిగి తీసుకోండి. సలహా కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కోర్టుకు వెళ్లాల్సివస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, ఆదాయ పరిమితిలోపు వారికి అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. ఫీజు రాయితీ ఇస్తామన్నారని ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

చీఫ్ కమిషనర్ గారూ, నియమం మీరే రాశారు. అది ఎవరి కష్టాన్ని కాపాడాలో ఆ పిల్లల చేతికే దాన్ని అందించండి. వచ్చే ఫలితాల లోపే ఆ పని జరగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ విశ్రాంత అధ్యాపకుడు