పూతమీది బేరము

పూతమీద మామిడితోటను కొను వర్తకుని మీ రెఱుగుదురు. కాయ కంటికి కనబడకముందే వాడు సొమ్ము చెల్లించును. గాలివాన వీచినను, తేనెమంచు పురుగు పట్టినను నష్టము వానిదే. కాపు విరగ కాచెనా, లాభమును వానిదే. ఫ్రాన్సుదేశమున బోర్డో నగరము చుట్టుపట్ల పండెడి మేలిరకపు ద్రాక్షాసవములను, అనగా వైనులను, కొనువారు నేటికిని ఇట్టి బేరమునే చేయుచున్నారు. ఈ మాసము ఆ బేరములోని లోతుపాతులను మీకు విన్నవింప దలచితిమి.

త్రాగుడు మేలని చెప్పుటకు మే మిది వ్రాయుటలేదు. మద్యము ఏ కొంచెమైనను ఆరోగ్యమునకు నిరపాయము కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో స్పష్టముగా చెప్పియున్నది. అయినను విదేశములందు కాపురముండు మన కుటుంబములలో, విందులకును కానుకలకును దీనిని కొనువారు కలరు. ఇంటి సొమ్ము బయటకు పోవునప్పుడు అది యేల పోవుచున్నదో యిల్లాలు తెలిసికొనుట మంచిదని మా తలంపు.

బేరము జరుగు తీరు ఇది. శరత్కాలమున ద్రాక్ష కోయుదురు. రసము పులిసి ఆసవమైన పిదప 225 లీటర్లు పట్టు ఓకుచెక్క పీపాలలో నిలువ చేయుదురు. ఒక పీపా సుమారు 300 సీసాలకు సరిపోవును. మరుసటి వసంతమున వర్తకులును విమర్శకులును వచ్చి, ఇంకను పక్వముకాని ఆ సరకును రుచి చూతురు. పిమ్మట ఎస్టేటుల యజమానులు ధరలు ప్రకటింతురు. కొనువారు నాడే సొమ్ము చెల్లింతురు. సీసాలు చేతికందుటకు ఏడాదిన్నరయో రెండేండ్లో పట్టును. దీనిని ఫ్రెంచివారు ‘ఆన్ ప్రిమ్యూర్’ అందురు. తాను చూడని వస్తువునకు, ఒరులు చూచి చెప్పిన మాటను నమ్మి, ముందుగా ధనమిచ్చుటయే దీని సారాంశము.

ఇట్లేల కొందురన్నచో, 1982వ సంవత్సరపు పంటను ముందుగా కొన్నవారి సొమ్ము అనేక రెట్లు పెరిగెను. ఆ కథ వినినవారికి ఆశ పుట్టుట సహజము. కాని 2010 పంటకును గొప్ప పేరే వచ్చెను. ధరలు మాత్రము ఆకాశము నంటెను. నాడు తొందరపడి కొన్నవారిలో అనేకులు, కొన్ని యేండ్ల తరువాత అవే సీసాలు అంగడిలో అంతే ధరకో, అంతకన్న తక్కువకో దొరకుట చూచి విచారించిరి. మిక్కిలి ప్రసిద్ధమైన షాటో లాటూర్ 2012లో ఈ పద్ధతిని విడిచి, సరకు త్రాగుటకు తగినదని తోచిన పిదపనే అమ్మ నారంభించెను.

ఇక ఇటీవలి పంటల సంగతి. 2021 ఏప్రిలులో గడ్డకట్టు చలి వచ్చి, ఫ్రాన్సున పెక్కు తోటలలో లేతచిగుళ్లు మాడిపోయెను. 2022లో ఎండలు మండిపోయెను, వానలు కరువయ్యెను, జూలైలో బోర్డో సమీపమున అడవులే తగులబడెను. పండ్లు చిన్నవై, తోలు మందమై, రసము చిక్కనయ్యెను. అంత వేడికి పండిన ఆసవము మొద్దు రుచిగా నుండునని శంకించినవారికి, దానిలో తాజాదన మణగియుండకుండుట చూచి ఆశ్చర్యము కలిగెను. ఆ పంటకు గొప్ప కీర్తి వచ్చెను. 2023లో బూజు తెగులు వచ్చి, ముఖ్యముగా మెర్లో జాతి తీగలను బాధించెను. 2024లో వానలు విడువక కురిసి దిగుబడి తగ్గెను. 2025 వసంతమున అనేక ఎస్టేటులు తమ ధరలను తగ్గించినవి.

అందుచేత 2022 అను అంకె కనబడిన ప్రతి సీసాను కొనవచ్చునా? కొనరాదు. అనుభవజ్ఞులు చెప్పు సూత్రమొకటి కలదు: మంచి యేట చిన్న యిల్లు, చెడ్డ యేట పెద్ద యిల్లు చూడవలెనని. మంచి యేట సూర్యుడే పని చేయును గనుక, పేరులేని రైతు సరకును చక్కగా వచ్చును. ధరయు అందుబాటులో నుండును. చెడ్డ యేట నీరు నిలువని కంకరనేలయు, చెడిన పండ్లను ఏరివేయుటకు తగిన మనుష్యులును, ఏరివేసిన నష్టమును భరింపగల ధనమును ఉన్నవారే నిలుతురు.

పెద్ద యిల్లన్న మాటనైనను విచారించి నమ్మవలెను. బోర్డోలోని అయిదు తరగతుల పట్టిక 1855లో, నాటి అంగడి ధరలను బట్టి ఏర్పడినది. అటుపిమ్మట మూటోన్ రోత్‌షీల్డ్ రెండవ తరగతినుండి మొదటికి 1973లో ఎక్కుట తప్ప అందు చెప్పదగిన మార్పు లేదు. షాటో మార్గో మొదటి తరగతిదే. అయినను 1970 ప్రాంతముల దాని సరకు కీర్తి సన్నగిల్లెను. 1977లో ఆంద్రే మెంట్జెలోపులోస్ అను గ్రీకుదేశీయుడు దానిని కొని బాగుచేయ నారంభించి, 1980లో మరణించెను. అప్పుడు ఇరువదియేడేండ్ల కుమార్తె కొరీన్ ఆ భారమును తలకెత్తుకొని, పూర్వపు కీర్తిని మరల నిలిపెను. పట్టికలోని పేరు ఆ తోటను కాపాడలేదు. పూనికతో చేసిన సేవయే కాపాడెను.

కొనదలచినవారు చూడవలసిన సంగతులు కొన్ని. చీటీమీద పంటయేడును, ఊరి పేరును, ‘మీజ్ ఆన్ బుతెయ్ ఓ షాటో’ అను మాటను చూడవలెను. సరకు ఆ యెస్టేటులోనే సీసాల కెత్తబడినదని దాని యర్థము. మెడోక్ ప్రాంతపు వైనులలో కెబెర్నే సోవిన్యాన్ ద్రాక్ష పాలు హెచ్చు. వానిలో శ్రేష్ఠమైనవి లేతగానున్నప్పుడు వగరుగా నుండి, పదేండ్లకు గాని నెమ్మదింపవు. పోమెరోల్ వైపువానిలో మెర్లో హెచ్చు. అవి సాధారణముగా త్వరగా మెత్తబడును. వచ్చే యేడు విందునకు కొనువారు పదేండ్లు ఆగవలసిన సరకు కొనినచో సొమ్ము వృథా. ముందు బేరము చేయువారు వర్తకుడు ఎట్టివాడో విచారింపవలెను; వాడు దివాలా తీసినచో సీసాలును రావు, సొమ్మును రాదు. మొదట చెప్పిన ధరలో సుంకములును పన్నులును చేరియున్నవో లేవో కాగితముమీద వ్రాయించుకొనవలెను.

నిలువ సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. పాతబియ్యపు అన్నము పొడిపొడిగా వచ్చునని గాదెలో చెమ్మ తగిలిన బియ్యమును దాచి ఫలమేమి? వైను సీసాను వెలుతురు సోకని చోట, పన్నెండు పదుమూడు డిగ్రీల చల్లదనమున, బిరడా ఎండకుండునట్లు పరుండబెట్టి యుంచవలెను. అట్టి చోటు లేనివారు, దాచుటకై కొనుట మానుటయే మేలు. అన్ని వైనులును పాతబడి బాగుపడవు. పెక్కింటిని కొన్ని యేండ్లలోనే వాడవలెను.

పూతను చూచి మురియుట సులభము. వచ్చు అతిథి యెవరు, తెరచు దిన మేది, చేతిలోని సొమ్మెంత అని ముందుగా లెక్కించుకొని, తరువాతనే పంటయేటి పేరు అడిగిన యిల్లాలు ఏ అంగడిలోను మోసపోదని మా నమ్మకము.