మక్కా బోర్డు మీద టవర్లు

జెద్దాలో పనిచేసే మనవాళ్ళకి మక్కా దారి చూపే బోర్డులు కొత్తేం కాదు. మనలో ముస్లిం సోదరులు అక్కడి నుంచి నేరుగా వెళ్తారు, మిగతావాళ్ళం పక్క రోడ్డుకి తిరగాలి. 2010 తర్వాతి ఏళ్లలో అలాంటి బోర్డే ఒకటి జెద్దా గోడల మీద స్ప్రే పెయింటు బొమ్మగా కనిపించింది. అందులో మక్కా అన్నచోట ఆకాశాన్నంటే టవర్లున్నాయి. గీసింది సారా అల్ అబ్దాలీ అనే జెద్దా అమ్మాయి. పవిత్రస్థలం చుట్టూ వ్యాపారం ఎంతగా లేచిందో ఆ ఒక్క బోర్డులో చెప్పేసింది.

ఆ టవర్ల సంగతి కట్టేవాళ్ళం మనకి ఒకరు చెప్పాలా! తుర్కుల కాలం నాటి అజ్యాద్ కోటని 2002లో పడగొట్టి, ఆ చోట అబ్రాజ్ అల్ బైత్ లేపారు. 2012లో పూర్తయింది. గడియారం టవరు ఎత్తు 601 మీటర్లు. కింద మాల్, పైన హోటళ్లు. కాబా కనిపించే గదికి రేటు వేరు.

అమెరికాలో రాన్ ఇంగ్లిష్ అనే పెయింటర్ 1980ల నుంచే వ్యాపార హోర్డింగుల మీద, ఎవరినీ అడక్కుండా, తన బొమ్మలు అంటించాడు. సిగరెట్ కంపెనీ ఒంటెని పిల్ల ఒంటెగా మార్చి, వల ఎవరికి వేస్తున్నారో చూపించాడు. (ఇఖామా మీద బతికే మనం ఇలాంటివి చేస్తే మర్నాడే విమానం ఎక్కిస్తారు, ఆ జోలికి పోవద్దు.)

కానీ చూడ్డానికి అభ్యంతరం లేదు కదా. మాల్‌కి స్లాబు పోసేది మనం. హోర్డింగు స్తంభానికి గుంత తవ్వేది మనం. రెండేళ్లకోసారి సెలవు దొరికితే అదే హోర్డింగు చూసి, రూంలో వాళ్ళ దగ్గర చేబదులు తీసుకుని మరీ టీవీ, ఫోన్లు, దుప్పట్లు కొనేదీ మనమే. వీసా కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మాత్రం ఊళ్ళో అలాగే ఉంటుంది. ఊళ్ళో దిగగానే మనిషి చిక్కాడా అని ఒక్కరూ అడగరు, పెట్టెలు ఎన్నని లెక్కపెడతారు.

సారా తర్వాత లండన్‌లో సంప్రదాయ కళలు చదివింది. హిజాజ్ పాత ఇళ్ళు ఆమె బొమ్మల్లో తరచూ కనిపిస్తాయి. అలాంటి ఇళ్ళు జెద్దా అల్ బలద్‌లో ఇంకా ఉన్నాయి, 2014లో యునెస్కో జాబితాకెక్కాయి. పగడపు రాయి గోడలు, మధ్యమధ్య చెక్క దూలాలు, ముందుకి పొడుచుకొచ్చిన చెక్క కిటికీలు. ఈసారి బలద్‌కి సామాన్లు కొనడానికి వెళ్ళినప్పుడు ఒక్కసారి తల పైకెత్తి చూడండి. సిమెంటు లేకుండా ఎలా నిలబెట్టారో మన మేస్త్రీలైతే ఇట్టే పసిగడతారు.