మందు నాలుగింట ఒక పాదమే

చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదములను చరకాచార్యులు నిర్దేశించినారు. వీటిలో మనము తరచుగా మరచునది పరిచారకుని. సేవ చేయదలచిన విశ్రాంత వైద్యులు, నర్సులు, కాంపౌండర్లు ముందుగా తలపవలసినది ఈ పాదమునే.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతముల పట్టణములలో పదవీ విరమణ పొందిన వైద్య సిబ్బందికి కొదువ లేదు. సేవాభిలాష గలవారు ఉచిత వైద్య శిబిరములు పెట్టుదురు. సంకల్పము మంచిదే. కాని ఒక్కనాటి శిబిరము గూడెమునకు చేర్చునది వైద్యుని, ఔషధమును మాత్రమే. సాయంకాలమునకు వైద్యుడు తిరిగిపోవును. కొన్నాళ్ళకు మందు అయిపోవును. ఉట్నూరు, ఆసిఫాబాదు పరిసరముల గోండు, కొలాము గూడెములలో వానకాలపు జ్వరము, అతిసారము శిబిరపు తేదీ చూచుకొని రావు గదా!

ప్రాణహితకు ఆవల గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1986లో 'సర్చ్' సంస్థను స్థాపించి వేరొక మార్గము చూపినారు. గ్రామస్త్రీలనే ఆరోగ్యదూతలుగా తీర్చి, పురిటిబిడ్డను వెచ్చగా ఉంచుట, తల్లిపాలు పట్టించుట, ప్రమాద చిహ్నములను గుర్తించి చికిత్స అందించుట నేర్పినారు. ఇట్టి సేవ అందిన 39 గ్రామములలో, పోల్చిచూచిన ఇతర గ్రామముల కంటె, నవజాత శిశుమరణములు మూడేండ్లలో 62 శాతము తగ్గినవని 1999లో 'లాన్సెట్' వైద్యపత్రిక ప్రచురించినది. అక్కడ ప్రాణము పోసినది పరిచారక పాదమే.

కావున విశ్రాంత వైద్యులకు నా మనవి. పది గ్రామములు తిరుగవలదు. నెలకు రెండు దినములు, ఏడాది పొడవునా, ఒకే గ్రామమునకు వెళ్ళుడు. గోండి, కొలామి మాటలు నాలుగు నేర్చుకొనుడు. ఆశా కార్యకర్తను, నలుగురు తల్లులను కూర్చుండబెట్టి, లీటరు కాచి చల్లార్చిన నీటిలో అంచు సమముగా ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు వారి చేతులతోనే కలిపించుడు. విరేచనములు పట్టుకొన్న బిడ్డకు ఆ నీరు కొంచెము కొంచెముగా పట్టించవలెను.

జ్వరము వచ్చిన నాడే రక్తపరీక్ష చేయించవలెనని, పాముకాటుకు ఆసుపత్రియే శరణ్యమని ఆయుర్వేద వైద్యులమైన మనమే చెప్పవలెను. కషాయము పేరిట కాలహరణము చేయించుట కారుణ్యము కాదు.

గృహస్థులైన పాఠకులకు ఒక్క మాట. మీ ఇంట ఇట్టి పెద్దలున్నచో, "ఈ వయసున మీకెందుకు?" అని ఆపవలదు. టిఫిను డబ్బా కట్టి, ఉదయపు బస్సెక్కించి పంపుడు. అదియు సేవయే.