వేసవి సెలవులు, కొండదారి, తెలుగు మాట



సెలవులలో పిల్లలకు తెలుగు తరగతులు నడపాలన్న మాట మన సమావేశాలలో ఏటా వస్తుంది. ఒక గది, ఒక నల్లబల్ల, గుణింతాల పుస్తకం, పది రోజులు. మొదటి రోజున ఇరవైమంది వస్తారు. ఆఖరి రోజున మిగిలేది నలుగురు. ఆ తరగతులు వద్దని నేను అనను. వాటిలో మూడు నాలుగు ఉదయాలనైనా గదిలోనుంచి తీసి కొండదారికి ఇవ్వాలని మాత్రం గట్టిగా కోరుతున్నాను.

మన పిల్లల తెలుగు ఎక్కడ నిలిచి ఉన్నదో చూడండి. ఇంట్లో వంటకూ వరుసలకూ సరిపడినంత ఉన్నది. బడిలో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు వాచకంలో జలపాతం అన్న మాట వస్తే అర్థం చెప్పగలరు, సొంత వాక్యంలో ప్రయోగించగలరు. కాని కొండమీదనుంచి దిగివచ్చే చిన్న నీటిపాయను ఏమంటారని నేను తరగతిలో అడిగితే ఒకడు నది అన్నాడు, ఒక అమ్మాయి ఝరణా అన్నది. గెడ్డ అని ఒక్కరూ అనలేదు. వాళ్ళ నాయనమ్మలకు, అమ్మమ్మలకు నోట నానిన మాట అది. ఆ మాట పుస్తకంలో దొరకక, గెడ్డ కంటికి కనబడక, ఒక్క తరంలో జారిపోయింది. మెట్ట, చరియ, కనుమ, చెలమ వంటి మాటల స్థితీ అంతే. వీటిని నల్లబల్ల మీద వ్రాసి బట్టీ పట్టించవచ్చు. పరీక్ష అయిన మరునాటికి మరచిపోతారు. చెలమ తవ్వి, అందులో ఊరిన నీటిని దోసిలితో త్రాగిన పిల్లవాడు మరచిపోడు.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. గిడుగు వేంకట రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. ఈ కొండలలోని సవరల భాష నేర్చుకొన్నారు. వారి పిల్లలకు బడులు పెట్టారు. ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ వ్రాశారు. మన్యంలో తిరిగినప్పుడు పట్టిన జ్వరానికి వాడిన క్వినైన్ వారి వినికిడిని తినివేసింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు వారు రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆగస్టు 29న వారి పటానికి దండ వేసి ఉపన్యాసాలు చెప్పుకొంటున్నాము. జనం నోటిలోని మాట కోసం వారు నడిచిన దారిలోకి మాత్రం మన పిల్లలను ఒక్క పూట కూడా తీసుకొనిపోవడం లేదు. ఇది నాకు వింతగా తోస్తుంది.

ఈ మధ్య పెద్ద తరగతుల పిల్లలకు కొండల మీద మోజు లేకపోలేదు. ఏ వేసవికి ఆ వేసవి ఎవరో ఒకరు కొత్త జలపాతం కనుగొన్నామని, కొత్త కాలిబాట పట్టామని వీడియోలు పెడుతున్నారు. ఉత్సాహం మంచిదే. ఆ 'కొత్త' అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఆ బాట సవర స్త్రీలు తరతరాలుగా సంతకు పోయే బాట. ఆ జలపాతానికి వారి భాషలో పేరుండే ఉంటుంది. దానిని అడగకుండా మనమొక ఇంగ్లీషు పేరు పెట్టి రావడం అన్వేషణ ఎలా అవుతుంది? మన పిల్లలను పంపేటప్పుడు ఆ ఊరి మనిషినొకరిని దారి చూపడానికి కుదుర్చుకొని, కూలి ముందుగా మాట్లాడి, మర్యాదగా ఇవ్వాలి. పేర్లు ఆయన చెప్పాలి, పిల్లలు వ్రాసుకోవాలి. మనమూ ఇక్కడ అల్పసంఖ్యాక భాష వాళ్ళమే. మన పేర్లను ఇతరులు మార్చి వ్రాస్తే ఎంత నొచ్చుకొంటామో మనకు తెలుసు.

వ్రాసుకొనే పుస్తకంలో మూడు గళ్ళు గీయించండి: తెలుగు, ఒడియా, సవర. మనం జీలుగు అనే చెట్టు ఒడియాలో సలప. అడ్డాకు సియాళి. తునికి కెందు, ఇప్ప మహుల. పోడు అన్న మాట రెండు భాషలలోనూ పోడే! మూడవ గడి ఖాళీగా ఉంచండి. దారి చూపేవారు నింపుతారు. ఒడియా ప్రక్కన నిలబెడితే తెలుగు పలచబడుతుందని భయపడే పెద్దలున్నారు. నా అనుభవం వేరు. రెండు పేర్లూ తెలిసిన పిల్లవాడికి తెలుగు పేరు ఇంకా గట్టిగా నిలుస్తున్నది.

ఎక్కడికి పోవాలన్నది రెండవ మాట. మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తు. భీముని, కుంతి, యుధిష్ఠిరుల పేర్లతో పాత గుడులున్నాయి. శివరాత్రికి వేలమంది ఎక్కుతారు. పెద్ద పిల్లలకు అది సరే. చిన్నవారికి శిఖరం వద్దు, దిగువ బాటలు చాలు. గండహాతి జలపాతం చాలు. కొరాపుట్ వైపువారికి మాచ్‌ఖండ్ నది మీది డుడుమ ఉన్నది. నూట యాభై మీటర్లకు పైగా దూకే నీరు అది, కాని విద్యుత్తుకు నీటిని మళ్ళిస్తారు గనుక వేసవిలో పలచగా ఉంటుంది. అది కూడా చూడదగినదే. నీరెక్కడికి పోయిందని పిల్లలు అడుగుతారు, ఆ జవాబే ఒక పూట పాఠం.

తల్లులు ఎండకు భయపడటం న్యాయమే. తెల్లవారకముందే బయలుదేరి పదిగంటలకల్లా కొండ దిగాలి. చైత్ర వైశాఖాలలో మధ్యాహ్నం దాటితే గాలివాన, పిడుగులు వస్తాయి. పైన ఎక్కడో కురిసిన వానకు క్రింద గెడ్డ ఒక్కసారిగా పొంగుతుంది. జలపాతం క్రింది మడుగులోకి ఎవరినీ దింపరాదు. పాచి పట్టిన బండలమీద ఫొటోల కోసం నిలబడనివ్వరాదు; ఈ విషయంలో ఉపాధ్యాయుడు కఠినంగా ఉండటమే దయ. పదిమంది పిల్లలకు ఇద్దరు పెద్దలకు తక్కువైతే ఆ రోజు ప్రయాణం మానుకోండి. తెలుగుకు మార్కులు పెరుగుతాయా అని అడిగే తండ్రులకు నేను హామీ ఇవ్వలేను. నడిచి వచ్చిన పిల్లలు వ్రాసే వ్యాసంలో ఎత్తిపోత వాక్యాలు తగ్గుతాయని మాత్రం చెప్పగలను.

ఇంటికి వచ్చిన సాయంత్రం ఆ పుస్తకాన్ని నాయనమ్మ ముందు పెట్టించండి. తెలుగు గడిలో పిల్లలు వదిలేసిన ఖాళీలు ఆమె పూరిస్తుంది. పిల్లలు తప్పుగా వ్రాసినవి దిద్దుతుంది. చదువు రాని పెద్దలు కూడా ఈ పనికి సరిపోతారు, బహుశా వారే ఎక్కువ సరిపోతారు.

మా వీధి పిల్లలతో మొదటి నడక సెలవులిచ్చిన తరువాత వచ్చే ఆదివారం, గండహాతి వైపు. ఉదయం అయిదింటికి జీపు. అటుకులు, బెల్లం, మనిషికి రెండు సీసాల నీళ్ళు, టోపీ, పెన్సిలు. చెప్పులు వద్దు, బూట్లు కావాలి. ఇంకా ఆరుగురికి చోటున్నది.