ఆటలో అర్చకుడు

ఐనవిల్లి యనగానే తెలుగువారికి విఘ్నేశ్వరుడు జ్ఞప్తికి వచ్చును. వేదవిద్యకు పేరుపడిన కోనసీమలో కొబ్బరితోటల నడుమ వెలసిన ఆ సిద్ధివినాయకుని సన్నిధికి, పరీక్షలకు ముందు కలముల పూజకై విద్యార్థులు వచ్చుట ఆ ప్రాంతమువారందరు ఎరిగినదే. అర్చకుడనగా ఎవరో, ఆయన పిదప ఆ స్థానమున నిలుచువారెవరో వారిలో ఎవరిని అడిగినను తడుముకొనక చెప్పగలరు. అట్టి సీమలో ఏ కులమున బుట్టిన బాలుడైనను కంప్యూటరు ముందు కూర్చుండి “నేను ప్రీస్టును” అని చెప్పుకొనగల కాలము వచ్చినది. ఇది పరిహాసమా, అపచారమా, జూదమా యని పెద్దలు కలవరపడుట సహజమే. ఆ కలవరమునకు ఒకింత సమాధానము చెప్పవలెనని మేము తలచితిమి.

వేషము కట్టుట మనకు క్రొత్త గాదు. కూచిపూడి భాగవతులలో పురుషుడు సత్యభామయై జడ వేసినప్పుడు మన తాతలు అపచారమనలేదు సరికదా, తెల్లవార్లు కూర్చుండి చూచిరి. ఈ నూతన క్రీడయు వేషమే. దేశదేశములవారు ఇంటర్నెట్టు ద్వారమున ఒక కల్పితలోకమున చేరి, తలకొక పాత్ర దాల్చి, కలసి సంచరింతురు. దీని మూలము 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట. అందు మొదట మూడే వృత్తులు: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ అను పురోహితుడు. ఆ పురోహితుడు అంచుగల ఆయుధము పట్టరాదని నియమము. (క్లాసు అను ఇంగ్లీషు మాటను వర్ణమని తెనిగించుటకు మాకు మనసొప్పలేదు. ఎంచుకొనునది గనుక వృత్తియనుటయే తగును.) 2004 నవంబరు 23న బ్లిజార్డు కంపెనీవారు వెలువరించిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆన్‌లైను ఆటలో వృత్తులు తొమ్మిదైనవి. వానిలో ప్రీస్టు ఒకటి.

ఆ ప్రీస్టు చేయు పని యెట్టిదో తెలియక తీర్పు చెప్పుట న్యాయము గాదు. ఆ ఆట తొలినాళ్లలో పెద్ద రెయిడునకు, అనగా దండయాత్రకు, 40 మంది కూడవలసియుండెను. ముందు నిలుచు యోధుని ఆటగాండ్రు ట్యాంకు అందురు. రాక్షసుని దెబ్బలన్నియు అతడు తనమీదికి తెచ్చుకొనును. తక్కినవారు ఆ రాక్షసుని కొట్టుదురు. ప్రీస్టు మాత్రము వెనుక నిలిచి, కన్ను రాక్షసునిపై గాక తనవారి ప్రాణరేఖలపై నిలుపును. ఎవని రేఖ తరిగిన వానికి ప్రాణము పోయుట అతని వంతు. ఇందు తొందర పనికిరాదు, ఆలస్యమును పనికిరాదు. అతని మంత్రశక్తికి మనా అని పేరు, దానికి మేర గలదు. ముందుగా మంత్రము వేసినచో నిండిన కుండలో నీరు పోసినట్లు వృథాయగును. ఒక్క క్షణము జాగైనచో మనిషి పడును. నాటి నియమమున మంత్రము వేసిన పిమ్మట అయిదు సెకన్లు గడచినగాని, ఆత్మబలముచే ఊరవలసిన మనా ఊరదు. కావున ఎప్పుడు మంత్రము వేయకుండవలెనో తెలిసినవాడే మంచి ప్రీస్టు. ఇంతియే గాదు. ప్రాణము పోసినకొలది రాక్షసునికి అతనిపైననే కోపము హెచ్చును. అతని ఒంటిమీద నున్నది ఇనుపకవచము గాదు, వట్టి గుడ్డ. పడినవారిని లేపు మంత్రము అతనికి గలదు గాని, యుద్ధము నడచునప్పుడు అది పలుకదు. గెలిచిననాడు ఎవని కత్తి ఎంత కోసినదో లెక్కలు చూచుకొందురు. ఓడిననాడు తొలుత అడుగునది “హీలరు ఏమి చేయుచుండెను?” అనియే. సభలలో కుర్చీలు వేయువారి గతియు ఇట్టిదే యని కార్యకర్తలకు మేము వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ పాత్ర మనుష్యునిలో ఏమి మేల్కొల్పునో ఒక నిజమైన సంఘటనము చూపినది. 2005 సెప్టెంబరులో అదే ఆటలో హక్కార్ అను సర్పదేవుడు ప్రయోగించు ‘కరప్టెడ్ బ్లడ్’ అను అంటురోగము, కార్యక్రమములోని లోపముచే, వేటగాండ్ర పెంపుడు మృగములవెంట నగరములకు ప్రాకెను. క్రొత్తగా చేరినవారు చూచుచుండగనే పడిపోయిరి. కొందరు పారిపోయిరి. కొందరు కావలెనని రోగమును ఇతరులకు అంటించిరి. ప్రాణము పోయగల వృత్తులవారు కొందరు, ఎవ్వరును పిలువకయే, రోగుల నడుమకు పోయి తమ మంత్రశక్తిని ధారపోసిరి. కంపెనీవారు సర్వర్లనే సరిచేసి ఆ రోగమును అణచవలసివచ్చినది. ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అను శాస్త్రజ్ఞులు 2007లో లాన్సెట్ వారి అంటువ్యాధుల పత్రికలో దీనిపై వ్యాసము వ్రాసి, నిజమైన మహమ్మారులలో జనుల నడవడి తెలిసికొనుటకు ఇది పనికివచ్చునని వాదించిరి. 2020లో కరోనా వచ్చినప్పుడు లోకము ఆ వ్యాసమును మరల తలచుకొన్నది. ఆ రోగులు బొమ్మలేగదా యని కొందరందురు. నిజమే. కాని వారి కడకు పోవుటకో, పారిపోవుటకో నిశ్చయించుకొన్నవారు మనుష్యులు.

ఇక అసలు విషయము. ఈ ఆటలోనైనను పౌరోహిత్యము మొదట అందరిది కాలేదు. తొలుత ఎనిమిది జాతులలో అయిదు జాతులవారికే, అనగా మానవులు, డ్వార్ఫులు, నైట్ ఎల్ఫులు, అన్‌డెడ్, ట్రోలులు అనువారికే ప్రీస్టు కాగల అర్హత యుండెను. ఆర్కు, టారెన్, గ్నోము జాతుల పాత్రలకు ఆ ద్వారము మూసియుండెను. 2010లో టారెనులకు, గ్నోములకు తెరచిరి. 2022లో ఆర్కులకును తెరచిరి. పదునెనిమిదేండ్లు పట్టినది. అంతవరకు అడ్డుగా నున్నది దైవాజ్ఞ గాదు, ఆట వ్రాసినవారి నిర్ణయము. వారే వ్రాసిరి, వారే కొట్టివేసిరి. ఆడుపాత్రకు మాత్రము మొదటినుండియు అడ్డు లేకుండెను.

మన న్యాయస్థానములలో ఇదే వ్యాజ్యెము మరింత కాలము నడచినది. జస్టిస్ చల్లా కొండయ్య కమిషను సిఫారసులపై వచ్చిన 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టము వంశపారంపర్య అర్చకత్వపు హక్కును రద్దుచేసినది. నారాయణ దీక్షితులు వ్యాజ్యెములో 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దు చెల్లునన్నది. జీవనము కోల్పోయిన అర్చకకుటుంబముల మొర ఆలకించి 2007లో ప్రభుత్వము చట్టమును సవరించి వారికి కొంత రక్షణ యొసగినది. ఆ మొర అబద్ధము గాదు. పెక్కు గ్రామాలయములలో అర్చకుని బ్రదుకు దీపపు నూనెకే చాలనిది. 2002లో కేరళనుండి వచ్చిన ఆదిత్యన్ వ్యాజ్యెములో, విరుద్ధమైన ఆచారము రుజువు కానిచోట, శిక్షణయు యోగ్యతయు గలవాడు బ్రాహ్మణుడు కాకున్నను అర్చకుడు కావచ్చునని ఆ కోర్టే చెప్పినది. తీర్పులు పుస్తకములలో నున్నవి, గర్భగుడి గడపలు ఎక్కడివక్కడనే యున్నవి. ఆర్కులకు ప్రీస్టుతనము దొరకిన 2022లోనే, మే 24న, జిల్లాకు డాక్టరు అంబేద్కరు పేరు పెట్టుటపై అమలాపురమున ఇండ్లు తగులబడినవి. ఒక్క పేరునకే ఇంత యైనచోట, “ఆటలో నేను ప్రీస్టును గదా, గుడిలో ఏల కారాదు?” అని ఐనవిల్లి బాలుడొకడు అడిగినచో, ఆ ప్రశ్న ఆట నేర్పిన దుర్బుద్ధి యని కసరుట మాకు సమ్మతము గాదు. మన పెద్దల కోర్టులు సగము సమాధానము చెప్పియున్న ప్రశ్నయే అది.

జూదమను ఆక్షేపణకు చట్టమే సమాధానము చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోనే ఆన్‌లైను రమ్మీని, పోకరును నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైను ఆటల చట్టము పందెపు ఆటలను నిషేధించుచు, వినోదపు ఆటలను వేరుగ నిలిపినది. పందెము గాని నెలచందాకు అడ్డు చెప్పలేదు. ప్రీస్టుపాత్ర ఈ రెండవ తెగకు చెందును. పేకాటలో కుటుంబములు కూలినవి గనుక అన్ని ఆటలను ఒకే గాట కట్టుట, కల్లుపాకను కొబ్బరిబోండముల దుకాణమును ఒకటిగ చూచుట వంటిది.

ఆటను మేము నెత్తికెత్తుకొనుట లేదు. అది పరదేశపు అంగడి, సరకు అమ్ముడగుటయే దాని పరమార్థము. ప్రీస్టే ఛాయారూపము దాల్చి ప్రాణము పోయుట మాని చంపుటకు దిగు మార్గమును అందు గలదు, ఆ మార్గము పట్టువారును తక్కువ గారు. ఆ ఆట పలుకు భాషలలో తెలుగు లేదు. ప్రాణము పోయు మంత్రములన్నియు మన పిల్లలు ఇంగ్లీషుననే పలుకవలసియున్నది. ఈ లోపమునకు కంపెనీవారిని నిందించుటకన్న, హైదరాబాదులో ఆటలు కట్టు తెలుగు ఇంజనీర్లను అడుగుట మేలు.

తలిదండ్రులకు ఒక్క విన్నపము. రెయిడు రాత్రివేళ గంటలకొలది సాగును. నడుమ ప్రీస్టు లేచిపోయినచో అతనిని నమ్మినవారందరు పడుదురు. కావున ఏ దినములలో ఎంతసేపు ఆడునో బాలుడు ముందుగనే ఇంట చెప్పవలెను. చెప్పి ఒప్పించుకొన్న పిమ్మట నడుమ తీగ లాగివేయరాదు. పరీక్షలు దాపురించి, కలములకు ఐనవిల్లిలో పూజ జరిగిన నాటినుండి మాత్రము, తన స్థానమున మరియొక ప్రీస్టును వెదకి పెట్టి లేచుట ఆ బాలుని బాధ్యత.